మొహం చూసి చెప్పిన జవాబులు

ఆగస్టు తొమ్మిది, ఆదివారం. ఆ పొద్దున తండ్రీకూతుళ్లు తిన్నది మాడిన బ్రెడ్డు, ఉడికీ ఉడకని గుడ్లు. తండ్రి గడియారం చూస్తున్నది గుడ్ల కోసం కాదు, కూతురి జవాబుల కోసం.

కంపెనీలకు సలహాలు చెప్పే ఒక పెద్ద సంస్థలో ఆమెకు శుక్రవారం ఇంటర్వ్యూ. అక్కడ ఏదో ఒక వ్యాపారానికి వచ్చిన చిక్కు చెప్పి, అరగంటలో విప్పమంటారు. దాన్నే కేసు అంటారు. ఈసారి తప్పితే రెండేళ్లదాకా మళ్లీ గడప తొక్కనివ్వరు.

తండ్రిది కళ్లద్దాల దుకాణం. మూడు వారాలుగా రోజూ పొద్దున్నే ఆయన కాగితం చూసి ప్రశ్న చదవడం, కూతురు విప్పడం. ఇరవై ఒక్క కేసులు, ఒక్కటీ తప్పలేదు. "మా అమ్మాయికి తిరుగులేదండీ" అని, అద్దాలు తుడిపించుకోవడానికి వచ్చినవాళ్లకు కూడా చెప్పాడు. వాళ్లు ఆ తుడిచిన అద్దాల్లోంచి ఆయన్ను ఇంకాస్త స్పష్టంగా చూసి, నవ్వి వెళ్లారు.

ఆ ఆదివారం, అలాంటి సంస్థలోనే పనిచేస్తున్న కాలేజీ సీనియర్ ఆమెను పరీక్షించడానికి వచ్చింది.

"ఒక ఈతకొలనుకి వచ్చే జనం తగ్గారు. ఎందుకు?"

"దీన్ని మూడు కోణాల్లో చూడాలి," అంది కూతురు, ప్రశ్న పూర్తిగా చెవిన పడకముందే. ఈమధ్య కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినా మూడు కోణాలే. "టిక్కెట్టు ధర..."

సీనియర్ మొహం గోడలా ఉంది.

"లేదా పోటీ..."

గోడ కదల్లేదు.

"అంటే... శుభ్రత?"

పావుగంట తిరిగేసరికి ఆ కొలనులో మునిగింది ఆమే.

"నువ్వు కేసు చదవడం లేదు, నా మొహం చదువుతున్నావ్," అంది సీనియర్. "ఇన్నాళ్లూ ఎవరితో ప్రాక్టీస్ చేశావ్?"

ఇద్దరూ గుమ్మం వైపు చూశారు. అక్కడ తండ్రి, చేతిలో బ్రెడ్డు ముక్కతో, కనుబొమలు నుదుటి మీదికెక్కించి, శుభ్రత కాదన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

"అంకుల్, మీరు మరీ మంచివాళ్లు. రోగం అదే."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. దుకాణంలో చార్టు చదివేవాళ్లు, ఆఖరి వరస కనబడకపోయినా ఆయన ఎదురుగా ఉంటే కనుబొమలు చూసి అక్షరాలు చెప్పేస్తారు. అందుకే ముప్పై ఏళ్లుగా ఆయన కుర్చీ వెనక నిలబడతాడు. ఊరివాళ్ల చూపుకి అంత జాగ్రత్త. ఇంట్లో మాత్రం దీపం కింద చీకటి.

సోమవారం నుంచి ఆమె వెనక స్టూలు వేసుకున్నాడు.

"నాన్నా, ఊఁ అంటున్నావ్."

"అనలేదే!"

"సరిగ్గా చెప్తే పొట్టి ఊఁ, తప్పితే పొడుగు ఊఁ. నీ నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ ఊరికే అనేదా?"

"గింజెందుకు, నీళ్లే నానబెడతా," అని నోటినిండా నీళ్లు పట్టి కూర్చున్నాడు.

రెండు రోజులూ తప్పులే తప్పులు. బుధవారం, సీనియర్ వదిలి వెళ్లిన ఈతకొలను కాగితమే ఆయన మళ్లీ చదివి నోట్లో నీళ్లు పట్టాక, ఆమె పెన్ను కింద పెట్టింది. తర్వాత మెల్లగా, "కోణాలు తర్వాత చూద్దాం. రావడం మానేసింది ఎవరు? పిల్లలా, పెద్దవాళ్లా?" అంది.

ఇన్ని కేసుల్లో ఆమె ఎదురు ప్రశ్న అడగడం అదే మొదలు. జవాబు కాగితంలో ఉంది. ఆయన నోట్లో నీళ్లున్నాయి. పొలమారి, ఆ నీళ్లన్నీ కూతురి వీపు మీద పడ్డాయి.

"నాన్నా!"

"పిల్లలు... తల్లీ... పిల్లలు!"

ఆమె మెడ తుడుచుకుని, వెనక్కి తిరగకుండానే లెక్కలోకి దిగింది.

గురువారం ఆయన స్టూలు ఎత్తుకోబోతే కూతురు ఆపింది. "ఇవాళొద్దులే నాన్నా. నువ్వు వెనకుంటే నా చెవులు నీ దగ్గరే ఉంటాయి."

"ఊపిరి కూడా పీల్చను."

"అదే నా భయం."

భోజనాలయ్యాక ఆయన నడవాలో ఉండిపోయాడు. ఆమె గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల తనకు తనే ప్రశ్న వేసుకుని విప్పుకుంటోంది.

"రోజుకి రెండువందల నలభై మంది. నెలకి పాతిక రోజులు. అంటే అరవై వేలు."

ఆయన చెయ్యి తలుపు దాకా వెళ్లింది. 'కాదే తల్లీ' అన్న మాట నాలుక చివరికొచ్చింది. రేపు ఇంటర్వ్యూ గదిలో ఈ మాట చెప్పడానికి ఎవరూ ఉండరు. పళ్లు బిగపట్టి నిలబడ్డాడు.

పెన్ను చప్పుడు ఆగింది. కాగితం తిరగేసిన చప్పుడైంది.

"కాదు కాదు," అంది కూతురు. "ఆరు వేలు. ఒక సున్నా ఎక్కువేశాను." పెన్ను మళ్లీ కదిలింది.

ఆయన పిడి తిప్పి పట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.