చంద్రుణ్ణి చూడనివారి కోసం

తొంభై ఒకటో పేజీలో మూడో వాక్యం దగ్గర ఆమె పెన్సిలుతో చిన్న గీత పెట్టింది. అక్కడ ఊపిరి తీసుకోవాలి. సమాసం మధ్యలో ఊపిరి తీస్తే మాట విరుగుతుంది. మాట విరిగితే వినేవాళ్ళకు అర్థం విరుగుతుంది. గీతలు పెట్టడం అయ్యాక మూడు గుక్కలు గోరువెచ్చని నీళ్ళు తాగింది. చప్పుడు చేయకుండా గాజులు తీసి రుమాల్లో చుట్టి, మైకుకు జానెడు దూరంలో ముఖం పెట్టింది. అద్దానికి అవతల రికార్డింగాయన వేలెత్తాడు.

"పదో తరగతి తెలుగు. తొమ్మిదో పాఠం. అలంకారాలు."

అంధుల గ్రంథాలయంలో ఆమెకిది ముప్పై ఒకటో సంవత్సరం. ఇరవై ఏడేళ్ళప్పుడు రేడియోలో వార్తలు చదివే ఉద్యోగానికి వెళితే, గొంతు బాగానే ఉంది కానీ పక్కింటావిడ మాట్లాడుతున్నట్టుంది అని పంపేశారు. పక్కింటావిడ గొంతే కావలసిన చోటు ఇది. న్యాయశాస్త్రం చదివింది, భౌతికశాస్త్రం చదివింది, వాణిజ్యం చదివింది. సగం ఆమెకే అర్థం కాలేదు. అర్థం చేసుకోవడం ఆమె పని కాదు. గది గోడ మీద నియమం ఉంది: ఉన్నది ఉన్నట్టు చదవాలి, సొంత మాట చేర్చరాదు. ఒకసారి "గుండె"కు బదులు "గుండు" అని అచ్చయితే, గుండు నిమిషానికి డెబ్బై రెండు సార్లు కొట్టుకుంటుందని నిబ్బరంగా చదివేసింది. నెల రోజులు విద్యార్థులు ఫోన్లు చేస్తూనే ఉన్నారు.

"ఉపమాలంకారం. ఉదాహరణ. ఆమె ముఖం చంద్రబింబంలా ఉంది."

అక్కడ ఆగిపోయింది. గీత లేనిచోట ఆమె ఆగడం రికార్డింగాయన ఎప్పుడూ చూడలేదు.

పొద్దున మెట్ల దగ్గర టెలిఫోనమ్మాయి కనిపించింది. అమ్మాయి అనడమే గానీ నలభై దాటాయి. ఒక ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి గట్టెక్కితే పై ఉద్యోగం వస్తుంది. తెలుగు ఒక్కటే మిగిలింది.

"అమ్మా, ఒకటి అడుగుతాను, నవ్వకూడదు. ముఖం చంద్రుడిలా ఉందంటారు. ముఖమైతే తడిమి చూసుకుంటాను. చంద్రుడి మీద నా చెయ్యి ఎవరు వేయిస్తారు?"

"బట్టీ పట్టెయ్. మార్కులొస్తాయి."

"రెండుసార్లు పట్టాను. రెండుసార్లూ తప్పాను. సొంతంగా ఉదాహరణ రాయమంటున్నారు. చంద్రుడు, తామరపువ్వు, మెరుపుతీగ. నాకు ఏ ఒక్కటీ తెలియదు. తెలియని వాటితో పోలిస్తే ఏం రాయను?"

ఆమె మెట్లెక్కింది. గదిలోకి వచ్చి గీతలు పెట్టుకుంది. ఇప్పుడు చంద్రబింబం దగ్గర ఆ ప్రశ్న మళ్ళీ ఎదురొచ్చింది.

"అన్నయ్యా, ఆపకండి. నేను కొంచెం చేరుస్తాను."

రికార్డింగాయన గోడ మీది నియమం వైపు చూశాడు.

"అది ఎక్కడికీ పోదు లెండి" అని ఆమె మైకుకు దగ్గరగా జరిగింది.

"ఇది పుస్తకంలో లేదు. నేను చెబుతున్నాను. నాన్న గడ్డం గోనెసంచిలా గరుకుగా ఉంది. దేని గురించి చెబుతున్నామో అది ఉపమేయం, అంటే గడ్డం. దేనితో పోలుస్తున్నామో అది ఉపమానం, గోనెసంచి. రెండింటికీ ఉన్న గుణం గరుకుదనం, అది సమానధర్మం. 'లా' అన్నది ఉపమావాచకం. నాలుగూ చేతికి తగిలాయా? ఇక ముందుకు పోదాం."

తరవాత ఆమెకు తడుముకోవలసిన అవసరమే రాలేదు. రూపకం దగ్గర, "ఆకలి కుక్క. కుక్కలాంటిది అనలేదు, కుక్కే. ఎంత అదిలించినా గుమ్మం వదలదు" అంది. పెళ్ళయిన కొత్తలో రెండేళ్ళు ఆ కుక్క వాళ్ళ గుమ్మంలోనే ఉంది. ఉత్ప్రేక్ష అంటే ఊహ అని చెప్పి, "ఆ తలుపు కిర్రుమంటుంటే ఎవరినో తిడుతోందేమో అనిపిస్తుంది" అంది. అతిశయోక్తికి వచ్చేసరికి ఆమెకే నవ్వొచ్చింది. "మా ఆయన తుమ్మితే మూడో వీధిలో తలుపులు తెరుచుకుంటాయి."

అద్దానికి అవతల రికార్డింగాయన భుజాలు కదిలాయి.

మధ్యాహ్నం గ్రంథాలయాధికారి పిలిపించాడు. ఆయనకూ చూపు లేదు. నియమం రాయించింది ఆయనే. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాఠమంతా విన్నాడు. ఆమె నిలబడే ఉంది. భయమేమీ లేదు, కాళ్ళు మాత్రం లాగుతున్నాయి.

"ముప్పై ఏళ్ళలో ఒక్క మాట చేర్చలేదు మీరు."

"అవసరం పడలేదు సార్."

"అనుప్రాసకి, యమకానికి ఏమీ చేర్చలేదే?"

"అవి చెవికి సంబంధించినవి. వాళ్ళకి మనం చెప్పేదేముంది?"

ఆయన బొటనవేలితో తన దవడ రుద్దుకున్నాడు. "మాస్టారు అడిగితే చంద్రబింబం అని నేనూ అప్పజెప్పాను. మార్కులూ వచ్చాయి." హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి, "ఉంచండి. ఆ తుమ్ముతో సహా" అన్నాడు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఇల్లు చేరేసరికి భర్త చిక్కుడుకాయల గిన్నె ముందేసుకుని మంచం పక్కన కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో లేతు మిషను మోతలో ముప్పై అయిదేళ్ళు నిలబడి వినికిడి పోగొట్టుకున్న మనిషి. పెదవుల కదలిక చూసి మాట పట్టుకుంటాడు. ఎప్పుడైనా ఆమె గొంతు వినాలనిపిస్తే రెండు వేళ్ళు ఆమె కంఠానికి ఆనించి మాట్లాడమంటాడు.

"మీ తుమ్ము పాఠంలోకి ఎక్కింది" అందామె.

"పరీక్షలో అడుగుతారా?"

"అడగొచ్చు."

"అయితే జలుబు చెయ్యకుండా చూసుకోవాలి."

ఆమె నవ్వి, పది నిమిషాలు నడుం వాలుస్తానని మంచం మీద ఒరిగింది. ఆయన ఈనెలు తీస్తూ కొళాయి సంగతి చెప్పాడు, పైవాటా వాళ్ళు ఇల్లు మారుతున్న సంగతి చెప్పాడు. వింటున్నానని తెలిసేలా ఆమె మధ్యమధ్య ఆయన భుజం మీద తట్టడం అలవాటు. కాయలు అయిపోయేసరికి, చాలాసేపటి నుంచి భుజం మీద చెయ్యి పడలేదని ఆయనకు తట్టింది. వెనక్కి తిరిగాడు. నిద్రపోతున్న మనిషి ముఖమే. పిలవలేదు. రెండు వేళ్ళు ఆమె కంఠానికి ఆనించాడు. వేళ్ళకు ఏ కదలికా తగలలేదు. బయట వెలుతురు తగ్గేదాకా అలాగే కూర్చున్నాడు.

ఆ ఏడు టెలిఫోనమ్మాయి తెలుగులో యాభై ఎనిమిది మార్కులతో గట్టెక్కింది. తొమ్మిదో పాఠంలో ఒక్క మాట కూడా తీసేయలేదు. చెవి ఒగ్గి వింటే ఒకచోట అద్దం అవతలి నవ్వు కూడా లీలగా వినిపిస్తుంది.

ఆమె స్థానంలో కొత్తగా చేరినావిడ పొడగరి, చదువరి. మొదటి రోజు కుర్చీలో కూర్చోగానే మోకాలికి ఏదో తగిలి వంగి చూసింది. బల్ల కింద బోర్లించిన చెక్కపెట్టె. కాళ్ళు నేలకు అందని మనిషి పాదాల కింద వేసుకున్నది. తీసేయమంటారా అని అడిగితే రికార్డింగాయన మైకు సరిచేశాడు. ఆమె కుర్చీని కాస్త పక్కకు జరుపుకుంది. పెట్టె పైచెక్క మీద రెండు మడమల మేర రంగు పోయి, కర్ర నున్నగా తేలి ఉంది.