గలీనా బ్యాటుకు బిగి

నాంపల్లి స్టేషను ఎదురు సందులో వసుమతి కొట్టు ఉండేది. టెన్నిసు బ్యాట్లకు పేగు తీగ అల్లడం ఆమె పని. మొగుడు ప్రహ్లాద్ నేర్పిన విద్య. అతను పోయి నాలుగేళ్లయినా అబిడ్స్ దుకాణాలవాళ్లు తెగిన బ్యాట్లు ఆమెకే పంపేవారు. "మేకపేగులు పిసికిన చేతుల్తోని బువ్వెట్ల తింటదో!" అని వాడలో ఆడవాళ్లు మూతులు తిప్పేవారు.

అరవై నాలుగు డిసెంబరులో రష్యా ఛాంపియన్ గలీనా బ్యాట్లు రెండు తీగలు తెగి ఆ కొట్టుకొచ్చాయి. తెచ్చినవాడు టెన్నిసు క్లబ్బు ఆహ్వాన సంఘం కార్యదర్శి అమరేశ్వరరావు. ఎల్లుండి గలీనాతో ఆడబోయేది ఆయన కూతురు విమలే.

వసుమతి బ్యాటు తిప్పి చూసింది. పిడి తోలు మీద బొటనవేలు ఆనేచోట గుంట పడింది. చట్రం అంచు నేలకు రాసుకుని రాసుకుని తెల్లబారింది. అందని బంతికోసం వంగి పరుగెత్తిన మనిషి! చీలిన కర్రకు జిగురు పెట్టి దారం చుట్టుకుందేగాని పారెయ్యలేదు.

"పదహారో ఏట ఫ్యాక్టరీ మైదానంలో మొదలెట్టిందట. ఇప్పుడు ముప్పై. ఈ పర్యటనలో ఒక్క ఆట ఓడినా ఇంటికి పంపేస్తారట పాపం" అని నవ్వాడు అమరేశ్వరరావు. "ఓ రవ్వ వదులుగా కట్టమ్మా. చూపుకి తెలీకూడదు."

"వదులు కడితే బంతి యాడికి పోతదో ఆమెకే తెల్వది సారూ."

"అందుకేగా చెప్పేది! క్లబ్బు బ్యాట్లన్నీ ఎవరి మాటమీద నీ కొట్టుకొస్తున్నాయో మరిచిపోకు."

అతను వెళ్లాక వసుమతికి ఒళ్లు మండిపోయింది. పద్నాలుగేళ్లు పరుగెత్తిన ఆడమనిషిని నా చేత్తో పడగొట్టమంటాడా? ఆ కోపంతోనే కూర్చుని అల్లింది. తీగ లాగిన ప్రతిసారీ వేలు కోసుకుపోయింది. బిగి మాత్రం వెంట్రుకవాసి తగ్గలేదు.

మర్నాడు అమరేశ్వరరావు వెంట గలీనాయే కారు దిగింది. తన బ్యాటు తానే చూసుకుంటానని పట్టుపట్టిందట. తీగ మీటి చెవి దగ్గర పెట్టుకుంది. సందులోకి వెళ్లి గోడకేసి నాలుగు బంతులు కొట్టింది. ఖణేల్ ఖణేలుమంటుంటే అమరేశ్వరరావు మొహం మాడిపోయింది. గలీనా మాత్రం మొహమంతా నవ్వుతో "హూ?" అని, ఎవరు కట్టారని ఇంగ్లీషులో అడిగింది. అంతే, ఆయన చెయ్యి గుండెమీదికి పోయింది. ఇంగ్లీషులో గడగడా ఏదో చెప్పాడు. 'మై' అంటే 'నాది' అన్న ముక్క వసుమతికి అర్థమైంది. ఆ బిగి తన గొప్పేనంటున్నాడు!

లేచి బ్యాటు అందుకుంది. తీగ పట్టి, సడలించినట్టు చేసి చూపించి, వేలు ఆయనవైపు పెట్టింది. "వదులు చెయ్యమన్నడు గీ సారు! నీ ఆట చెడగొట్టమన్నడు!"

గలీనా వసుమతి వేళ్లమీది కోతలు చూసింది. తర్వాత ఆయన్ని చూసింది. వచ్చి వసుమతి పక్కన నిలబడింది.

"ఏం కూస్తున్నావే!" అని అరిచాడు అమరేశ్వరరావు.

"ఏమే గీమే అనకున్రి!" మేకులకు వేలాడుతున్న క్లబ్బు బ్యాట్లు ఏడూ తీసి ఆయన చేతుల్లో కుక్కింది వసుమతి. "కొండవోన్రి! మీ విమల ఓడనీ, గెలవనీ, ఆ పిల్ల ఆట ఆ పిల్లను ఆడనియ్యిన్రి. నడుమ మీరేంది?"

ఆయన బ్యాట్లు మోసుకుంటూ కారెక్కాడు. గలీనా కదల్లేదు. సంచిలోంచి తీగ తెగిన మూడో బ్యాటు తీసి వసుమతి ఒళ్లో పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. వసుమతి పళ్లు బిగించి మొదటి తీగ లాగింది. బయట హారను రెండుసార్లు మోగింది. ఇద్దరిలో ఒక్కరూ తల ఎత్తలేదు.