నలభై నాలుగో మెడ

నేను ఒక వేటకొడవలిని. నలభై మూడు మందిని నరికాను. నేను నరికిన వాళ్లంతా మధ్యాహ్నానికి లేచి, ఎర్రబడ్డ చొక్కాలతోనే వరుసలో నిలబడి సాంబారన్నం పెట్టించుకున్నారు. నలభై నాలుగో మెడ మాత్రం నిజం మెడ. అక్కడ కెమెరా పక్కన దర్శకుడు లేడు, 'కట్' అని అరిచేవాడు లేడు. ఆ మెడ మీదికి నేను ఎలా చేరానో, అక్కడ ఏం చేశానో చెబుతాను. కొంచెం గొప్పలు పోతే క్షమించండి. గొప్పలు పోదగిన పనే చేశాను.

హైదరాబాదు కృష్ణానగర్‌లో, రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను చేసినవాడు ఖాజా మొయినుద్దీన్. సినిమాలకు కత్తులు, గండ్రగొడ్డళ్లు, తుపాకులు చేసి పెట్టడం ఆయన వృత్తి. మేలైన రబ్బరు పోసి, వెండిరంగు పూసి, అంచున కాస్త తుప్పు మరకలు దిద్దాడు. కొత్త కత్తిని చూస్తే జనానికి భయం వేయదనీ, వాడిన కత్తిని చూస్తేనే వేస్తుందనీ ఆయన సిద్ధాంతం. పిడికి మాత్రం అసలు కర్ర వేశాడు. వేలాది ఆయుధాలు చేసిన ఈ మనిషి ఇంట్లో కోడిని కోస్తుంటే మేడ మీదికి వెళ్లిపోయేవాడు.

ఫైట్ మాస్టర్ సెల్వం చెన్నై మనిషి. హీరోకి నన్ను పట్టుకోవడం నేర్పించింది ఆయనే. చెయ్యి మెల్లగా పైకి లేవాలి. పైన ఒక్క క్షణం ఆగాలి. తల కాస్త పక్కకు తిరగాలి. అప్పుడు దిగాలి.

"ఆ ఆగడం లేకుంటే విజిల్ రాదు సార్. ఇంకొకటి, కోపం కంట్లో పెట్టండి, చేతిలో పెట్టొద్దు. చేతిలో పెడితే మా ఫైటర్‌కి దెబ్బ తగులుతుంది" అన్నాడు సెల్వం.

నా కింద ఎక్కువసార్లు పడినవాడు ఫైటర్ దానియేలు, తెనాలి మనిషి. "ఏంటి మాస్టారూ, మళ్లీ టేకా? పొద్దున్నించి తొమ్మిదిసార్లు సచ్చాను. ఈసారన్నా సరిగ్గా పాతిపెట్టండి" అనేవాడు. అందరూ నవ్వేవారు. రక్తపాతం అంటే ఎంత సరదా పనో అనుకునేదాన్ని నేను.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. విజయయాత్ర పేరుతో హీరో ఊరూరూ తిరిగాడు. ఆదోనిలో ఒక థియేటర్ మెట్ల మీద అభిమాన సంఘం అధ్యక్షుడు ఓబులేసు చేతుల్లో నన్ను కానుకగా పెట్టి ఫొటో దిగాడు. అక్కడితో నా మొదటి జన్మ ముగిసింది.

ఓబులేసు ఆటో తోలేవాడు. మంచివాడు. కాన్పు నొప్పులతో ఉన్న ఆడమనిషి ఎక్కితే కిరాయి అడిగేవాడు కాదు. భార్య సుంకులమ్మ పత్తి మిల్లులో పనిచేసేది. ఆమె తమ్ముడు మద్దిలేటిది పాత బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు అచ్చేసే షాపు. అక్కాతమ్ముళ్లకు తల్లీతండ్రీ లేరు, ఒకరికొకరే. బావ, బామ్మర్ది ఒకే కంచంలో తినేంత దగ్గర. ఒక్కటే తేడా. బావది ఒక హీరో, బామ్మర్దిది ఇంకో హీరో.

గొడవ కేకుతో మొదలైంది. సినిమా యాభై రోజుల పండగకి నాతోనే కేకు కోయాలని ఓబులేసు పట్టుబట్టాడు. ఆ వైపు ఇప్పుడు అదో మర్యాద. కేకును కత్తితో కోస్తే సామాన్యుడు, కొడవలితో కోస్తే అభిమాని. నేను రబ్బరుదాన్ని కదా, క్రీము మీద జారిపోయాను. రెండోసారి గట్టిగా నొక్కితే కేకు కింద పడింది. మద్దిలేటి దాన్ని ఫోన్లో తీసి, 'మా బావ కొడవలికి కేకు గూడా భయపడలా' అని రాసి ఊరంతా పంచాడు.

తర్వాత హీరో పుట్టినరోజు ఫ్లెక్సీ. దీనికి రాజ్యాంగం కంటే గట్టి నియమాలున్నాయి. మధ్యలో హీరో, చుట్టూ గుండ్రాల్లో అభిమానుల ముఖాలు, అందరికంటే పెద్ద గుండ్రంలో అధ్యక్షుడు. పెద్ద ఫ్లెక్సీలు వేసే మిషను ఊళ్లో మద్దిలేటి షాపులోనే ఉంది. ఫ్లెక్సీ లేపి కట్టాక చూస్తే ఓబులేసు ముఖం కింద వరుసలో, చివరి మూలన, వెదురుకు తాడు కట్టేచోట ఉంది. తాడు సరిగ్గా ముక్కు మీదుగా పోయింది.

"నువ్వు పంపిన ఫొటో గోరంత ఉండాది బావా. పెద్దగా ఏస్తే మొగం పగిలిపోతాది. నేనేం జేసేది?" అన్నాడు మద్దిలేటి.

నిజమే చెప్పాడో, ఎగతాళి చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఓబులేసు మాత్రం ఆ సాయంత్రమే నన్ను భుజాన పెట్టుకుని రీల్ తీశాడు. వెనక మా సినిమా సంగీతం. "పుట్టినరోజు నాడు పదకొండు గంటలకు, పాత బస్టాండులో, కేకు కంటే ముందు ఒక మెడ కోస్తా. ఎవురి మెడో వానికి తెలుసు."

రెండు రోజుల్లో నలభై వేల మంది చూశారు.

ఇక్కడొక సంగతి. మూడో రోజుకే ఓబులేసు కోపం చల్లారింది. నేను అతని ఆటో సీటు కిందే ఉన్నాను, నాకు తెలుసు. "వాడూ చిన్నోడే ల్యా" అని తనలో తను గొణుక్కోవడం విన్నాను. కానీ ఫోను చల్లారలేదు. 'అన్నా, పదకొండుకే కదా?' 'మాట తప్పితే మన హీరో పరువు పోతాది అన్నా.' కడప నుంచి ఒకడు, బళ్లారి నుంచి ఒకడు. మద్దిలేటిని ఎన్నడూ చూడనివాళ్లు అతని మెడ కోసం ఎదురుచూస్తున్నారు. ఐదో రోజున ఓబులేసు నన్ను తీసుకెళ్లి కమ్మరి రుద్రాచారి కొలిమి ముందు పడేశాడు.

"అచ్చం ఇట్లాంటిదే ఇనుముతో చెయ్యాల. ఇదే రంగు, ఇదే పిడి. కేకు కోయడానికి."

ఆటో శబ్దం దూరమయ్యీ కాకముందే సుంకులమ్మ వచ్చింది. మిల్లు నుంచి నేరుగా వచ్చినట్టుంది, జుట్టు నిండా పత్తి పీచు.

"ఆచారి మామా, నా మొగుడు ఏం జేపిస్తాండాడు?"

"కేకు కత్తంట."

"నువ్వు నమ్మినావా?"

"కేకు కోయను రెండు కేజీల ఇనుము ఎందుకమ్మా? నమ్మలా. నేను కాదంటే ఇంగో కొలిమికి పోతాడు." రుద్రాచారి తిత్తి ఆపాడు. "మా నాయన చేసిన కొడవళ్లు మూడు కోర్టుకెక్కినాయి. సినిమా జూసి చెడినాడంటావేమో, అప్పుడు ఏ సినిమా జూసి నరుక్కున్యారు? ఈ ఊళ్లల్లో టాకీసు గూడా ల్యా. సినిమావోళ్లే మనల్ని జూసి తీసినారు."

"ఇప్పుడు మనం వాళ్లను జూసి చేస్తాండాం. ఎవురు ముందైతే ఏంది మామా? మధ్యలో ఉండేది నా తమ్ముని మెడ. వాడు మట్టిలోకి పోతే ఈయన జైలుకి పోతాడు. నాకు పుట్టిల్లు, మెట్టిల్లు ఒక్క దెబ్బకే పోతాయి."

పెద్ద పెద్ద సభల్లో తేలని వాదన కొలిమి ముందు రెండు ముక్కల్లో తేలిపోయింది. రుద్రాచారి చాలాసేపు నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత పిడి ఊడదీశాడు. లోపల సన్న గొట్టం, నా వీపు పొడవునా ఎర్రమరకలతో ఖాళీ రబ్బరు సంచి కనిపించాయి. దాన్ని నింపాక నేను వంగితే ఆ సంచి నలిగి ఎర్రనీళ్లు చిమ్ముతాయి. ఖాజా పనితనం అది.

"ఇదేంది మామా?"

"రక్తమమ్మా. సినిమా రక్తం."

సుంకులమ్మ కళ్లు అప్పుడు మెరిశాయి. నా జీవితంలో నేను చూసిన హీరోయిన్ ఆమె ఒక్కతే.

రుద్రాచారి పిడి నిండా సీసం ముక్కలు కుక్కాడు. బరువంతా పిడిలోనే, అంచులో ఏమీ లేదు. పైన బొగ్గుపొడి, నూనె రుద్దితే ఇనుము వాసన వచ్చింది. సంచి నింపే పని సుంకులమ్మది. నింపే ముందు ఆమె నన్ను ఎత్తి, తన ముంజేతి మీదే మూడుసార్లు గట్టిగా కొట్టుకుంది. చెయ్యి కమిలింది. తెగలేదు.

"తమ్మునికి చెప్పొద్దు మామా. చెప్తే వాడు నవ్వుతాడు. వాడు నవ్వితే ఈయనకు తెలిసిపోతాది."

మర్నాడు ఓబులేసు వచ్చేసరికి నేను తడిగుడ్డలో చుట్టి ఉన్నాను. "పని మొదలుపెట్టేదాకా గుడ్డ విప్పగాకు. గాలి తగిల్తే కొత్త పదును చస్తాది. మా తాతల నాటి పద్ధతి" అన్నాడు రుద్రాచారి. ఆ పద్ధతి వయసు ఒక్క పూట అని నాకూ ఆయనకూ మాత్రమే తెలుసు.

"రబ్బరుది యాడ?"

"కొలిమి పక్కన పెడితే కరిగిపోయిందప్పా."

ఓబులేసు నా బరువు చూశాడు. అతని ముఖంలో సంతోషం కనిపించలేదు. తేలిగ్గా ఉంటే బాగుండుననుకున్నట్టు అనిపించింది నాకు.

పుట్టినరోజు వచ్చింది. పాత బస్టాండు, పదకొండు గంటలు, కాల్చేసే ఎండ. మూడంతస్తుల కేకు. రెండు వందల ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. మద్దిలేటి రాకుండా ఉండగలిగేవాడే. కానీ అతని హీరో అభిమానులు మోటారు సైకిళ్ల మీద ఊరేగించి మరీ తెచ్చారు. రాకపోతే వాళ్ల హీరో పరువు పోతుందట. రెండు వైపులా పరువు హీరోలది, మెడ మాత్రం మద్దిలేటిది.

ఓబులేసు గుడ్డ విప్పాడు. సినిమాలో హీరో చెప్పిన మాటలు మొదలుపెట్టి, సగంలో మరిచిపోయాడు. వెనక నుంచి ఎవడో అందించాడు.

"కొట్టు బావా. ఫొటో చిన్నదైతే మెడ తీస్తావా? తీయ్!" అన్నాడు మద్దిలేటి. 

"అన్నా, మెల్లగా లేపన్నా! స్లోమోషన్!" అని ఒకడు అరిచాడు.

చెయ్యి మెల్లగా లేచింది. పైన ఒక్క క్షణం ఆగింది. తల కాస్త పక్కకు తిరిగింది. సెల్వం మాస్టారు నేర్పిన పాఠం, పొల్లుపోకుండా. నా రబ్బరు గడ్డకట్టింది. ఆ ఆగిన క్షణంలో ఓబులేసు వేళ్లు పిడి మీద సడలడం నాకు తెలిసింది. ఒంటరిగా ఉంటే అతను చెయ్యి దించేసేవాడు. ఒట్టేసి చెబుతాను. రెండు వందల ఫోన్లు దించనివ్వలేదు.

చెయ్యి దిగింది.

నేను వంగాను. ఖాజా పోసిన రబ్బరంతా ఒడ్డి, విల్లులా వంగిపోయాను. మద్దిలేటి మెడ మీద, చొక్కా మీద ఎర్రగా చిమ్మింది. తెగిందనుకుని అతను మొదలు నరికిన అరటిచెట్టులా కూలాడు.

సినిమాలో ఇక్కడ సంగీతం వస్తుంది. ఇక్కడ రాలేదు. దూరంగా బస్సు హారన్ ఒక్కటే వినిపించింది.

ఓబులేసు నన్ను పారేశాడు. "మద్దీ! రేయ్ మద్దీ!" అంటూ మీద పడ్డాడు. తల ఒళ్లోకి తీసుకుని, తన హీరో బొమ్మ ఉన్న చొక్కా విప్పి మెడకు అదిమిపెట్టాడు. "ఆటో తీయండ్రా! నా ఆటో తీయండ్రా ఎవురైనా!" ఎవ్వడూ కదల్లేదు. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. "దించండ్రా ఆ ఫోన్లు! మనిషి పోతాండాడు, మీకేం బుట్టింది? దించండ్రా!"

ఒక్కొక్కటిగా దిగాయి. రెండు వందల ఫోన్లు తలలు వంచడం నేను నేల మీద పడి చూశాను. ఏ హీరోకీ దక్కని దృశ్యం అది.

మద్దిలేటి కళ్లు తెరిచాడు. పెదవి నాకాడు.

"బావా... తియ్యగా ఉండాది."

గుంపు చీల్చుకుని సుంకులమ్మ వచ్చింది. "బెల్లం పాకం, కుంకుమ. ఏలక్కాయలు గూడా ఏసినా" అంది. మొగుణ్ణొకటి, తమ్ముణ్ణొకటి చెంప మీద కొట్టి, ఇద్దరినీ రెండు చేతుల్లోకి లాక్కుని బావురుమంది. ముందు ఒక ముసలాయన నవ్వాడు. తర్వాత బస్టాండంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. ఓబులేసు మాత్రం ఏడుస్తూనే, పొరపాటుగానైనా ఎక్కడన్నా తెగిందేమోనని బామ్మర్ది మెడ తడుముతూనే ఉన్నాడు.

సాయంత్రం టీవీలో చర్చ పెట్టారు. సినిమాల వల్లే ఇదంతా అన్నాడొక పెద్దమనిషి. సినిమా సినిమాయే, జనం జనమే అన్నాడొక నిర్మాత. ఇద్దరూ కేకలేసుకున్నారు. అక్కడ ఉన్నదాన్ని నేను, నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. కోపం ఓబులేసుదే, మేం ఇవ్వలేదు. కానీ కోపానికి నడక నేర్పింది మేం. ఎలా లేపాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు విజిల్ వస్తుందో నేర్పాం. దెబ్బ తర్వాత మనిషి ఒళ్లో తల పెట్టుకుని ఎలా అరుస్తాడో మాత్రం చూపించలేదు. మా సినిమా ఎప్పుడూ అక్కడికి చేరకముందే తర్వాతి సీనుకి పోయింది.

ఎస్సై నన్ను స్వాధీనం చేసుకుని, టేబుల్ మీద వంచి చూసి, ఏ సెక్షన్ కింద రాయాలో తేలక తల పట్టుకున్నాడు. చివరికి రీల్ పెట్టినందుకు ఓబులేసును, ఎగదోసినందుకు మద్దిలేటిని బైండోవర్ చేశారు, అంటే ఇక గొడవ పడమని పూచీకత్తు రాయించుకున్నారు. ప్రతి ఆదివారం ఇద్దరూ స్టేషనుకొచ్చి సంతకం పెట్టాలి.

ఇప్పుడు నేను స్టేషను వెనక గదిలో, స్వాధీనం చేసుకున్న ఆయుధాల మధ్య ఉన్నాను. ఆదివారాలు నాకు పండగ. బావ, బామ్మర్ది ఒకే ఆటోలో వస్తారు.

"మీవోని సినిమా మూడో వారానికే లేచిపోయింది ల్యా!"

"మీవోనిది మొదటి ఆటకే కుర్చీలు ఖాళీ! నేను జూసినా!"

"సంతకం పెట్టి బయట అరుచుకోండప్పా, చెవులు పోతాండాయి" అంటుంది కానిస్టేబుల్ హుసేనమ్మ.

గదిలో ప్రతి ఆయుధానికీ చీటీ కట్టి ఉంటుంది. నా పక్కనున్న ఇనుప కొడవలి చీటీ మీద ఒక పేరుంది. ఆ పేరుగల మనిషి పోయి పద్దెనిమిదేళ్లయింది. నా చీటీ మీద రెండు పేర్లున్నాయి. ఆ రెండు పేర్లూ ఇప్పుడు వరండాలో గొంతులు చించుకుని అరుచుకుంటున్నాయి.