పోర్టికో ముగ్గు

అలిగింది, అంతే, పోర్టికో వద్దంది కదా, అందుకే టీ ముట్టలేదు అనుకుంటూ సుందరరాజు మళ్లీ గుమ్మం వైపు చూశాడు. భార్య దుర్గ మెట్టు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. పక్కన గ్లాసులో టీ మీద తొరక కట్టింది.

ఎండ నడినెత్తికొచ్చింది. బంటుమిల్లి రోడ్డు పక్కన రెండు గదుల ఇల్లు వాళ్లది. అతను చేపల లారీ తోలతాడు. ఆమె రొయ్యల షెడ్డులో తలకాయలు తీస్తుంది, రోజుకు మూడు వందల యాభై. ఇద్దరూ కలిసి కట్టిన చిట్టీ పాడితే చేతికి లక్షా అరవై వేలొచ్చింది. వెనక పడగ్గదికి ఆనించి బాత్రూం కట్టిద్దామంది దుర్గ. ముందు పోర్టికో అన్నాడు అతను. రెండూ ఆ డబ్బులో ఇమడవు. వీధిలో అందరికీ పోర్టికోలున్నాయి. దారినపోయేవాళ్లకు బాత్రూం కనపడదు.

నూకరాజు మేస్త్రి స్తంభాల కోసం నాలుగు చోట్ల ముగ్గు పోసి నడుం ఎత్తాడు.

"కారెప్పుడు కొంటన్నావు బావా?"

"టీవీఎస్ ఉందిగా."

"ఇంత చోట్లో ఆ బండి ఒక్కటే ఉండి బెంగెట్టుకుంటదేమో."

కూలీలు నవ్వారు. సుందరరాజూ నవ్వాడు. దుర్గ నవ్వలేదు. అతను ఆమె దగ్గరికెళ్లాడు.

"టీ తాగలేదే?"

"తాగుతాలే."

"పొద్దుట్నించీ మంచినీళ్లు కూడా ముట్టలా. నీళ్లు తాగకపోతే మూత్రంలో మంట మళ్లీ తిరగబెడుద్దని డాక్టరమ్మ చెప్పలా?"

దుర్గ ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి ఒకసారి చూసి తల దించుకుంది. "షెడ్డులో తాగకుండా ఉండటం అలవాటేగా. వీళ్లెళ్లాక తాగుతా."

అతనూ పెరట్లోకి చూశాడు. కూలీలిద్దరు ఇసక కుప్ప పక్కన చేరి బీడీలు ముట్టించారు. వాళ్ల వీపుల వెనకే మరుగుదొడ్డి. దానికి తలుపు లేదు, గోనె పట్టా వేలాడుతోంది. దాని రేకు తలుపును పొద్దున్నే తనే ఊడదీసి, తేమ తగలకుండా సిమెంటు బస్తాల కింద పరిచాడు. మంచి ఉపాయమని మేస్త్రి మెచ్చుకున్నాడు కూడా.

అతను దాహమైనప్పుడల్లా తాగేవాడు. లారీ ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపేవాడు. చుట్టాలొచ్చిన రోజుల్లో ఆమె మజ్జిగ వద్దనడం, పెళ్లిళ్లలో పెదాలు తడుపుకుని గ్లాసు దించెయ్యడం, అన్నీ చూశాడు. చూసి, నీళ్లంటే ఇష్టంలేని మనిషి అనుకున్నాడు. అలా అనుకోవడం అతనికి చవగ్గా పడింది. ఇప్పుడు ఆమె మొహంలోకి చూడటానికి కళ్లు లేవలేదు.

"గడ్డపలుగు వెయ్యమంటావా బావా?" అన్నాడు మేస్త్రి.

"వద్దు."

"ముహూర్తం దాటిపోద్ది."

"దాటనీ. నువ్వూ వాళ్లూ సెంటర్లో టీ తాగి రండి."

"ఇప్పుడేగా తాగింది."

"మళ్లీ తాగండి."

గేటు మూసుకోకముందే దుర్గ లేచింది. అతని వైపు చూడకుండా, దాదాపు పరుగున పెరట్లోకి వెళ్లింది. సుందరరాజు వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. వెనక గోనె పట్టా లాగిన చప్పుడు. అతను తల తిప్పలేదు. కుడికాలు చాచి, మొదటి స్తంభం ముగ్గును మెల్లగా చెరిపేశాడు.