చూపు తిరిగే వైపు

అదిగో, మళ్లీ కళ్లజోడు తుడుస్తున్నాడు, అంటే ఇంకో మెలిక పెట్టబోతున్నాడన్నమాట, నా పీహెచ్‌డీ తేల్చడానికి బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఈ పెద్దమనిషి, ఈయన సరేనంటే నేను డాక్టర్‌ని, కాదంటే ఇన్నేళ్లూ ఫోన్ చూస్తూ కూర్చున్న సోమరిని, మా బాబాయి ఎప్పుడూ అనేదీ అదే, అందరి పిల్లలూ ఫోన్ చూసి తిట్లు తింటారు, నువ్వు స్టైపెండ్ తింటున్నావమ్మా అని, నవ్వుతూనే అంటాడు గానీ ఆ నవ్వు ఇంకా గుచ్చుకుంటుంది, ఏసీ చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి, గది చివర గోడవార కుర్చీలో అక్క, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నట్టు కూర్చుంది, ఈయన మాత్రం తీరిగ్గా, చూడమ్మా, చుట్టుపక్కల దేశాలన్నిటి నుంచీ చిన్న వీడియోలు పోగేశావు, బాగానే ఉంది, వీళ్లంతా ముక్కూమొహం తెలియని జనం లైకుల కోసమే ఆడుతున్నారని అందరూ ఎప్పుడో తేల్చేశారు కదా, నువ్వు కొత్తగా చెప్పేదేమిటి అంటున్నాడు.

ఉంది సార్, అందరూ చెత్త అని కోసి పారేసే ముక్కలోనే ఉంది, ఆట అయిపోయాక ఫోన్ ఆపడానికి చెయ్యి ముందుకొస్తుందే, ఆ రెప్పపాటు, దాన్ని కత్తిరించడం చేతకానివాళ్లనే నేను ఏరుకున్నాను, పడవ నడిపేవాడు, కుట్టుమిషన్ ముందు పిల్ల, పళ్లు లేని తాత, భాషలు వేరు, పాటలు వేరు, ఆ రెప్పపాటులో మాత్రం కళ్లు ఫోన్ మీద ఉండవు, పక్కకు తిరుగుతాయి, గదిలోనే ఉన్న ఎవరినో బాగా వచ్చిందా అని అడుగుతాయి, నమ్మకం లేకపోతే మీరే ఏదో ఒకటి ఎంచండి అనేశాను, ఆయన ఎంచాడు, తెర మీద ఒకావిడ వంటింట్లో గరిటె పట్టుకుని పాడుతోంది, పాడింది, చెయ్యి చాచింది, తిరుగు తల్లీ, నా పరువు నిలబెట్టు, తిరిగింది, అటు నుంచి ఎవరిదో ముసలి నవ్వు వినపడింది, గదంతా నవ్వింది, ఇంకొకటి అన్నాడు, అందులోవాడూ తిరిగాడు, ఇంకొకటి, ఆ కుర్రాడు తిరగలేదు, ఆయన కనుబొమ్మలు లేచాయి, తిరగనివాళ్లూ ఉన్నారు సార్, వాళ్లకో అధ్యాయమే రాశాను, చూడటానికి పక్కన ఎవరూ లేనివాళ్లు, లక్షల లైకులొచ్చినా వాళ్లలో చాలామంది కొన్నాళ్లకే మానేశారు అన్నాను, ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేశాడు, ఒక్క మాటలో చెప్పమ్మా అన్నాడు, ఇంట గెలిచి రచ్చ గెలవడమండి అన్నాను.

లేచాడు, చెయ్యి చాపాడు, అభినందనలు డాక్టర్‌గారూ అన్నాడు, నన్నే, గది నిండా చప్పట్లు, ఇన్నేళ్లూ పడిగాపులు కాసింది ఆ ఒక్క మాటకే, ఆ చెయ్యి అందుకోవాలి, థాంక్యూ సార్ అనాలి, చాపిన చెయ్యి గాలిలో అలాగే ఉంది, నేను ఆయన్ని చూడటం లేదు, మెడ దానంతటదే తిరిగిపోయింది, ప్రతి అధ్యాయమూ అంట్లు తోముతూ విని, బాగుందే, నిద్రొస్తోంది గానీ బాగుంది అన్న మనిషి వైపు, సంచి కింద పడినా పట్టించుకోకుండా అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్న మా అక్క వైపు, బాగా వచ్చిందా అక్కా అని నా కళ్లు అడిగేశాయి, అక్క తల ఊపింది, నేను పాసయింది ఇప్పుడే.