ముందు నువ్వు రుచి చూడు

"ఇంకొంచెం నమిలి చెప్పు, ఒడీల్. గబుక్కున మింగేస్తే ఏం తెలుస్తుంది?"

బెర్త్రాన్ ఆ మాట గొంతు తగ్గించి, మొహమ్మీద నవ్వు చెదరకుండా అన్నాడు. దూరం నుంచి చూసేవాళ్ళకి పెళ్ళాం చెవిలో ఏదో సరసమాడుతున్నట్టే ఉంటుంది. ఒడీల్ నోట్లో బోటి ముక్క ఉంది. రొట్టెపొడి అద్ది వెన్నలో వేయించింది, ఫ్రాన్సులో లియోన్ నగరం పాత హోటళ్ళకి పేరు తెచ్చిన ముక్క. ఆమెకి బోటి పడదు. చిన్నప్పటినుంచీ పడదు. పెళ్ళయిన కొత్తలో ఆ సంగతి అతనికి చెప్పింది కూడా. అయినా ఇవాళ ఎర్రగళ్ళ బల్లగుడ్డ ముందు కూర్చుని, పడని దాన్ని నెమ్మదిగా నమిలి, దాని రుచికి మాటలు వెతికి మొగుడి చేతిలో పెట్టాలి.

"పైన కరకరలాడుతోంది. లోపల మెత్తగా, కొంచెం జిగురుగా ఉంది. ముందురోజే వైన్‌లో నానబెట్టినట్టున్నారు, ఆ పులుపు చివర్లో తగులుతోంది. సాస్‌లో ఉల్లికాడలు ఎక్కువయ్యాయి."

"సరే. జ్ఞాపకాలేమైనా వస్తున్నాయా? పాఠకులకి జ్ఞాపకాలు కావాలి."

ఒడీల్ కళ్ళు మూసుకుంది. "మా అమ్మమ్మ తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేసేటప్పుడు లేచే ఆవిరి."

"అదీ!" అన్నాడు బెర్త్రాన్, ఫోన్లో టకటకా కొట్టుకుంటూ. అచ్చులోకెళ్ళేసరికి ఆవిడ అతని అమ్మమ్మ అయిపోతుందని ఒడీల్‌కి తెలుసు. ఇదివరకు ఆమె మేనత్త తోటలోని రేగిపళ్ళు, ఆమె చదివిన బడి వెనకాల పొగాకు కొట్టు, ఆమె నాన్న వర్షంలో తడిసొచ్చిన కోటు, అన్నీ అలాగే అతని బాల్యంలోకి కాపురానికి వెళ్ళిపోయాయి. అతని అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ ఇస్త్రీపెట్టె ముట్టుకోలేదు. ఆవిడకి పనమ్మాయిలుండేవాళ్ళు.

మూడేళ్ళ కిందట వచ్చిన జ్వరం బెర్త్రాన్ ముక్కుని పట్టుకుపోయింది. జ్వరం తగ్గింది, వాసన తిరిగి రాలేదు. వాసన లేకపోతే రుచీ లేదు. ఉప్పు, తీపి, పులుపు, చేదు తెలుస్తాయి, అంతకుమించి ఏది తిన్నా ఒకటే అట్టముక్క. వాళ్ళ ఊరు దిజోన్‌లో ఆదివారం పేపర్ తిరగేసేవాళ్ళలో అతని శీర్షిక చదవనివాళ్ళు తక్కువ. పాత హోటళ్ళ గురించి అంత కమ్మగా రాసే మనిషి మరొకడు లేడని పేరు. అలాంటి మనిషి ఒక పొద్దున కాఫీ గిన్నె మీద వంగి, ఎంత పీల్చినా ఏమీ రాక, పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఒడీల్ అతని తల పొట్టకేసి అదుముకుంది. "నేను లేనూ? నేను చెబుతాను" అంది. ఆ మాట ఎవరూ అనిపించలేదు, ప్రేమకొద్దీ తనే అంది. ఈ మూడేళ్ళలో ఎక్కువగా కోపం వచ్చింది తను అన్న ఆ మాట మీదే.

"ఎవరికీ చెప్పకు" అన్నాడతను. చెప్పలేదు. అత్తగారికి మాత్రం తెలుసు. "వాడికి ముక్కు పోతే ఏమైందమ్మాయ్, నువ్వున్నావుగా" అందావిడ. "చూపు తగ్గితే కళ్ళజోడు పెట్టుకోరూ? ఆ మాత్రం దానికి ఊరంతా చాటుకుంటారా?" ఒడీల్ పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. చెవుల వెనక ఒరుసుకోకుండా, ముక్కు మీద నొక్కుకోకుండా రోజుకి ఎంతమందికో ఆ జోళ్ళు సర్దుతుంది. తనే ఒక జోడయిపోయినట్టు ఆ రోజు మొదటిసారి అనిపించింది. కళ్ళజోడుకైనా మూత ఉన్న పెట్టె ఉంటుంది, రాత్రిళ్ళు తీసి అందులో పెడతారు. తనకి అదీ లేదు. పాలు విరిగాయో లేదో, మాంసం నిలవున్నదో తాజాదో, స్టవ్ మీద ఏదైనా మాడుతోందో, గ్యాస్ లీకవుతోందో, ఆఖరికి చొక్కా చంకలో చెమట కంపు కొడుతోందో లేదో కూడా ఆమే చెప్పాలి. చెబితే "ఆ, సరే" అంటాడు. చెప్పడం మర్చిపోయిన రోజున "ఆ మీటింగులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు, నువ్వెందుకు చూడలేదు?" అని నిలదీస్తాడు.

ఇప్పుడీ లియోన్ ప్రయాణం పుస్తకం కోసం. నూరేళ్ళు దాటిన హోటళ్ళ మీద పుస్తకం. మూడు రోజుల్లో ఎన్నిచోట్ల తింటే అన్నిచోట్ల తినాలి. అందుకు ఒడీల్ తన సెలవులు వాడుకుంది. "మళ్ళీ విందుయాత్రా మేడమ్? అదృష్టమంటే మీదే, మీ ఆయన తినిపిస్తుంటే తిరగడమే పని" అన్నాడు షాపు యజమాని, సెలవు చీటీ మీద సంతకం పెడుతూ. సంచిలో గుండెమంట మాత్రలు రెండు అట్టలు పెట్టుకుంది ఆ అదృష్టవంతురాలు.

బోటి పళ్ళెం తీయడానికొచ్చిన సర్వర్ బెర్త్రాన్‌ని గుర్తుపట్టాడు. చేతులు నలుపుకుంటూ, "సార్, మీ శీర్షిక మా ఆవిడ వదలదు" అని, ఒడీల్ వైపు తిరిగి కన్నుకొట్టినంత పని చేశాడు. "అయితే మీరేనా ఆవముద్ద మేడమ్? మీకోసం సీసా తెమ్మంటారా?"

బెర్త్రాన్ పడీపడీ నవ్వాడు. ఒడీల్ కూడా పెదాలు సాగదీసింది. ఆవముద్ద మేడమ్ అంటే బెర్త్రాన్ శీర్షికలో వచ్చే పెళ్ళాం. ఎంత గొప్ప వంటకం పెట్టినా దానిమీద ఆవముద్ద పూసుకు తినే, కార్జానికీ కందనకాయకీ తేడా తెలియని మనిషి. మొగుడు మైమరచి కళ్ళు మూసుకుంటే పక్కన కూర్చుని ఆవలించే మనిషి. ముక్కు పోయిన మరుసటి నెలలోనే ఆవిడ పుట్టింది. ఎందుకిలా రాస్తున్నావని ఒడీల్ ఒకసారి అడిగింది. "హాస్యం, ఒడీల్. కాస్త నవ్వడం నేర్చుకో. నిన్ను చూసి జనం ఎంత ముచ్చటపడుతున్నారో తెలుసా?" అన్నాడు. తన నాలుకతో రాసిన పేజీలో తనకే నాలుక లేదని రాసి, దానికి నవ్వమనడం! ఆ రోజు వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ కడిగినవే మళ్ళీ కడిగింది.

మర్నాడు మధ్యాహ్నం క్రోవా-రూస్ గుట్ట మెట్లెక్కి మార్సెలిన్ పెర్రషోన్ హోటల్‌కి వెళ్ళారు. ఆవిడ ముత్తవ్వ పెట్టిన చిన్న హోటల్. మార్సెలిన్‌కి అరవై దాటి ఉంటాయి, తనే వండుతుంది, తనే బల్ల దగ్గరికొచ్చి అడుగుతుంది. ఆవిడ బెర్త్రాన్‌ని గుర్తుపట్టలేదు. జనం కిక్కిరిసి ఉన్నారని, వంటింటి తలుపు పక్కనున్న ఇరుకు బల్ల చూపించింది. బెర్త్రాన్ తన పేరు రెండుసార్లు చెప్పాడు. "సరేనండీ, కూర్చోండి, ఉన్న చోటు ఇదే" అందావిడ. వడ్డించేటప్పుడు మాత్రం ఒడీల్ ముందు ఆగింది.

"పళ్ళెం కాలుతోంది, ముట్టుకోకండి మేడమ్. మధ్యలోంచి తినండి, అంచులు చల్లారనివ్వండి."

చేపముద్దలు. మంచినీటి చేపని మెత్తగా రుబ్బి, గుడ్డూ వెన్నా కలిపి ఉడికించి, పైన రొయ్యల సాస్ పోసి కాల్చినవి. ఒడీల్ చెంచా గుచ్చగానే ముద్ద నిట్టూర్చినట్టు కుంగింది. నోట్లో పెట్టుకుంది. గాలి తిన్నట్టుంది, కానీ ఆ గాలిలో నదుంది, వెన్న ఉంది, ఎక్కడో లోపల జాజికాయ గీరిన జాడ ఉంది. రెండో చెంచా తీసుకుంది. మూడోదీ తీసుకుంది. తను ఎందుకొచ్చిందో మరిచిపోయింది.

"ఏమిటి?" అన్నాడు బెర్త్రాన్. "ఏమిటా తినడం? చెప్పు."

ఆమె చెప్పింది. గొంతులోకి దిగబోతున్న ముద్దని నోట్లోనే ఆపి, విడగొట్టి, పేర్లు పెట్టి చెప్పింది. చెప్పాక ఇక అది తన ముద్ద కాకుండా పోయింది.

"ఎలా ఉంది మేడమ్?" అని మార్సెలిన్ వంటింటి గుమ్మంలోంచి అడిగింది.

"చాలా బాగుందండీ" అంది ఒడీల్.

"అమోఘం!" అన్నాడు బెర్త్రాన్ అందరికీ వినబడేలా.

సోన్ నది వంతెన మీదికి రాగానే అతను కోటు కాలర్ పైకెత్తుకున్నాడు. "దీన్ని ఉతికి ఆరేస్తాను. అన్నీ పొగిడితే పుస్తకం చప్పగా ఉంటుంది, ఒక చెడ్డ చోటు ఉండాలి. చేప కంపు కొట్టిందని రాస్తాను."

"కొట్టలేదు. పొద్దున తెచ్చిన చేప అది."

"కొట్టలేదని ఎవరంటారు?"

"నేనంటాను."

అతను నవ్వాడు. "నువ్వా? ఒడీల్, నన్ను తలుపు సందులో కూర్చోబెట్టింది ఆ ముసల్ది. నా పేరు విని కూడా!"

"అందుకని ఆవిడ పొయ్యి ఆర్పేస్తావా? నా నోటితో తిని నువ్వు అబద్ధం రాస్తావా?"

"నీ నోరేమిటి? మన నోరు. పెళ్ళంటే ఏమనుకున్నావు?" కాస్త ఆగి, బుజ్జగిస్తున్నట్టు ఆమె భుజమ్మీద చెయ్యేశాడు. "చూడు బంగారం, రుచి చూడటం ఎవరైనా చేస్తారు. పిల్లీ చేస్తుంది. రాయడం కదా అసలు పని."

ఒడీల్ అతని చెయ్యి తీసేసింది. కింద నది చల్లగా, పచ్చిగా, తడిసిన ఇనుము వాసన వేస్తోంది. ఆ వాసన అతనికి చెప్పలేదు. మూడేళ్ళుగా ఏది తగిలినా వెంటనే మాటల్లోకి మార్చి ఇచ్చేయడం అలవాటైపోయింది. ఇవ్వకుండా దాచుకుంటే ఛాతీలో వింతగా, దొంగసొమ్ములా బరువుగా ఉంది. పిల్లి అన్నాడు! బోటి నమిలినప్పుడు, మేక మెదడు నమిలినప్పుడు, పథ్యం ఉండాల్సిన రోజుల్లో కొవ్వు నమిలినప్పుడు, కడుపు పట్టుకుని బాత్రూంలో కూర్చున్నప్పుడు తలుపు బయట నిలబడి "చివర్లో చేదు తగిలిందా ఒడీల్, గుర్తుందా?" అని అడిగాడే, అప్పుడు పిల్లినే అడిగాడన్నమాట. తోడు నిలవడం కాపురం అనుకుంది. మొగుడికి వచ్చిన కష్టం పంచుకుంటున్నాననుకుంది. అతను కష్టాన్ని పంచలేదు. కష్టమంతా ఆమెకిచ్చి, పేరు తను ఉంచుకున్నాడు. పైగా ఆమె మొహానికి ఆవముద్ద పూశాడు.

"ఆ చేప గురించి నిజం రాయి" అంది. "రాయకపోతే నేను ఊరుకోను."

"చలికి నీ బుర్ర గడ్డకట్టింది. పద, వేడిగా ఏమైనా తాగుదాం" అన్నాడు అతను. ఆమె మాట అతని చెవికెక్కనే లేదు.

ఆఖరిరోజు మధ్యాహ్నం పబ్లిషర్ రెజీస్ షంబొనే వాళ్ళని భోజనానికి పిలిచాడు. నిలువుటద్దాలు, ఇత్తడి దీపాలు ఉన్న పెద్ద హోటల్. సర్వర్లు నల్లకోట్లలో తిరుగుతున్నారు. రెజీస్ లావుపాటి మనిషి, తిండిప్రియుడు, మెడకి రుమాలు కట్టుకుని మరీ కూర్చున్నాడు. వెనిగర్ సాస్‌లో ఉడికిన కోడి వచ్చింది. బెర్త్రాన్ తన పళ్ళెంలోంచి మెత్తటి ముక్క కోసి, ఫోర్కుతో ఒడీల్ వైపు చాచాడు.

"ముందు నువ్వు రుచి చూడు, బంగారం."

"అబ్బ! ఇన్నేళ్ళయినా ఎంత ప్రేమయ్యా నీకు" అన్నాడు రెజీస్. "మా ఆవిడ చూస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు."

ఒడీల్ ఆ ఫోర్కు అందుకోలేదు. తన పళ్ళెంలో ముక్క తను కోసుకుని, తిని, నీళ్ళు తాగింది. రుచి ఎలా ఉందో చెప్పలేదు. బెర్త్రాన్ కాసేపు చూశాడు. కనుబొమ్మలెగరేశాడు. ఇక లాభం లేదని రెజీస్ వైపు తిరిగి, కోడి సంగతి పక్కనబెట్టి, నిన్నటి హోటల్ కథ ఎత్తుకున్నాడు.

"వంటింటి తలుపు తెరుచుకున్నప్పుడల్లా కంపు! చేప ఎప్పుడు చచ్చిందో దానికే తెలియదు. నేను ముక్కు మూసుకుని ఒక చెంచా తిన్నాను, నదిలో దూకి కడుక్కోవాలనిపించింది. మా ఒడీల్ అయితే పళ్ళెం నాకేసింది పాపం."

రెజీస్ కడుపు పట్టుకుని నవ్వాడు. బల్ల చరిచాడు. "ఇదయ్యా! పుస్తకం దీంతోనే మొదలెడదాం. హోటల్ పేరుతో సహా వేద్దాం. జనం ఎగబడి కొంటారు."

"ఆ చేప తాజాది" అంది ఒడీల్.

ఇద్దరూ ఆమెవైపు తిరిగారు. ఆమె గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం కనిపించలేదు.

"ఆయనకి కంపు కొట్టే అవకాశమే లేదు. మూడేళ్ళ నుంచి ఆయన ముక్కుకి ఏ వాసనా తెలియదు. పక్కింట్లో నిప్పంటుకున్నా తెలియదు. ఈ మూడేళ్ళూ పేపర్లో మీరు చదివిన రుచులన్నీ నేను నమిలి చెప్పినవి. మార్సెలిన్ గారి చేపముద్దలు నేను తిన్నాను. ఈ ప్రయాణంలో తిన్నవాటన్నిటిలోకీ బాగున్నవి అవే. ఆయన్ని కూర్చోబెట్టిన చోటు నచ్చలేదు, అంతే."

"ఒడీల్!" బెర్త్రాన్ మొహం సున్నం కొట్టినట్టయింది. బల్ల కింద ఆమె మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. "రెజీస్ గారూ, ఈవిడకి ఒంట్లో బాగాలేదు, రాత్రి నిద్ర..."

"ఈ సాస్‌లో ఏం వేశారు, బెర్త్రాన్?" అని రెజీస్ మధ్యలోనే అడిగాడు. అతని నవ్వు ఆగిపోయింది. "వెనిగర్ కాక ఇంకొకటుంది. దాని వాసనకే నాకు నోరూరుతోంది. చెప్పు."

బెర్త్రాన్ పళ్ళెంలోకి చూశాడు. తర్వాత ఒడీల్ వైపు చూశాడు. కాఫీ గిన్నె ముందు ఏడ్చిన రోజున చూసినట్టే చూశాడు. ఒడీల్ గుండె ఒక్కక్షణం అటు ఒరిగింది. పాత అలవాటు, నాలుక చివరిదాకా వచ్చేసింది ఆ సాస్‌లో వేసినదాని పేరు. పళ్ళ మధ్య పట్టి ఆపింది. మోకాలి మీది చేతిని తీసి అతని ఒళ్ళో పెట్టింది.

అతను ఫోర్కు పళ్ళెం అంచున పెట్టేశాడు.

రెజీస్ మెడనున్న రుమాలు విప్పి మూతి తుడుచుకున్నాడు. "ఆ చేప అధ్యాయం తీసేస్తున్నాం" అన్నాడు మొదట. కాసేపు వేళ్ళతో బల్ల మీద దరువేశాడు. ఉన్నట్టుండి అతని కళ్ళు మెరిశాయి. కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాడు.

"మేడమ్, ఇది అసలైన కథ! ముక్కు పోయిన మొగుడికి పెళ్ళాం నోరయినట్టు... అహా! ఇద్దరి పేర్లూ అట్టమీద వేద్దాం. ఆయన రాస్తాడు, మీరు రుచి చెబుతారు. ఇప్పటిలాగే. ఏమీ మార్చక్కర్లేదు. చెప్పండి, ఇప్పుడే మొదలెడదాం. ఈ కోడి ఎలా ఉంది?"

బెర్త్రాన్ తలెత్తాడు. అతని మొహంలోకి మళ్ళీ రక్తం వచ్చింది. చెయ్యి అప్పుడే ఫోన్ కోసం కోటు జేబులోకి వెళుతోంది.

ఒడీల్ ఒక ముక్క కోసుకుంది. రొట్టె తుంచి సాస్‌లో అద్దింది. నోట్లో పెట్టుకుని, తొందరేమీ లేకుండా, మింగేదాకా ఇద్దరినీ అలా చూస్తూ కూర్చోనిచ్చింది.

"బాగుంది" అంది. "ఎందుకు బాగుందో మాత్రం చెప్పను. ఇప్పుడు నేను భోంచేస్తున్నాను."