ఏడున్నర అడుగుల దూరంలో

ఆ ఇంట్లో కింద పనిశాల, పైన కాపురం, మధ్యలో పద్నాలుగు మెట్లు. పదమూడో మెట్టు మీద అమ్మ కాలు జారి ఎముక విరిగింది. ఆరు వారాలు మంచం దిగకూడదనీ, మెట్ల ఊసే ఎత్తకూడదనీ డాక్టరు చెప్పాక మంచం పనిశాలలోకే వచ్చింది. మొదటి వారమంతా ఆవిడ రంపపు పొట్టు మధ్య మహారాణిలా పడుకుని, తలుపుకో కుర్చీకో కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళందరి సంసారాలూ చక్కదిద్దింది. రెండో వారానికి ఆ సరదా తీరిపోయింది.

నాన్న వడ్రంగి. చేతిపనిలో ఎంత ధారాళమో మాటల్లో అంత పిసినారి. ఇరవై ఏళ్ళ కాపురంలో భార్యను ఒక్కసారైనా మెచ్చుకున్నాడా లేదా అన్నది ఇంకా తేలని సంగతి. అలాంటి మనిషికి పాత గ్రంథాలయం వాకిలి పని తగిలింది. గోడలో కమాను ఉంది. దాని కింద అమరే చెక్క పుచ్చిపోయింది. కొత్తది కమానుకి అతికినట్టు వంపు తిరగాలి. కొస నుంచి కొసకి ఎనిమిదడుగులు, నడిమధ్యన ఎత్తు ఒక్క అడుగు.

వంపు గీయడం నాన్నకి మంచినీళ్ళ ప్రాయం. మేకు కొట్టి, దానికి దారం కట్టి, దారం కొసన పెన్సిలు పెట్టి తిప్పుతాడు. మేకు ఎక్కడ పడాలో నాలుగుసార్లు అటూ ఇటూ జరిపి పట్టుకుంటాడు. ఆ పొద్దున వాకిలి దగ్గర చెక్క పరిచి, దారం పట్టుకుని వెనక్కి నడిచాడు. మంచం పట్టె మోకాలికి తగిలి ఆగిపోయాడు. మేకు ఇంకా అవతల పడాలి. ఒక పక్క నేలకి బిగించిన రంపం బల్ల, ఇంకో పక్క కలప దొంతర. మంచం జరపాలంటే వీధిలోకే జరపాలి.

నాన్న దారం చుట్టేశాడు.

"నేనిక్కడ అడ్డం," అంది అమ్మ. "తమ్ముడికి ఫోన్ చేశాను. సాయంత్రం బండి తెస్తాడు. కాలు బాగయ్యేదాకా వాళ్ళింట్లో ఉంటాలే."

వద్దని నాన్న ఒక్క మాట అంటాడేమోనని ఆవిడ కాసేపు చూసింది. ఆయన దారం ఉండని జేబులో పెట్టుకున్నాడు. అమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చున్న కూతురికి అది కనిపించింది.

కాలేజీలో ఆమెకి అప్పుడే వృత్తాల పాఠం నడుస్తోంది. లెక్కల్లో మంచి బుర్రే, కాకపోతే ప్లస్సులూ మైనస్సులూ తారుమారు చేస్తుంది; నోట్సులో పేజీకోసారి టీచరు ఎర్రసిరాతో రాసే మాట ఒకటే: "గుర్తు చూసుకో".

"నాన్నా, ఆ మేకు అక్కర్లేదు. లెక్కతో గీయొచ్చు."

"లెక్కకి పెన్సిలు కడతావా ఏంటి?"

"మధ్య నుంచి ఎంత దూరంలో ఎంత ఎత్తుండాలో అదే చెబుతుంది. మంచం ఉన్నచోటే ఉంటుంది."

చివరి మాట విని నాన్న పక్కకి తప్పుకుని చోటిచ్చాడు.

చెక్క కింది అంచు నడిమధ్యన ఆమె సున్నా పెట్టింది. ఎడమకి నాలుగడుగులు, కుడికి నాలుగడుగులు, పైకి, అంటే వీధి వైపుకి, ఒక అడుగు. ఈ మూడు బిందువుల గుండా వెళ్ళే వృత్తం ఒక్కటే ఉంటుంది. x² + y² + 2gx + 2fy + c = 0 అని రాసి, ఒక్కో బిందువునీ అందులో పెట్టి చూసింది. రెండు కొసలూ బుద్ధిగా జవాబు చెప్పాయి: g సున్నా, c మైనస్ పదహారు. పై బిందువు దగ్గర f కూడా లొంగింది: ఏడున్నర. వ్యాసార్థం ఎనిమిదిన్నర అడుగులు.

"కేంద్రం ఇదిగో, ఏడున్నర అడుగుల దూరంలో," అంటూ ఠీవిగా వీధిలోకి చెయ్యి చూపింది.

నాన్న వాకిట్లోంచి తొంగి చూశాడు. "నడిరోడ్డు మీదా? మేకు కొడితే ఊళ్ళో బండ్లన్నీ పంక్చరే తల్లీ."

మంచం మీద అమ్మ కిసుక్కున నవ్వింది. ఆ పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు.

"వంపుకి కడుపూ వీపూ ఉంటాయే," అన్నాడు నాన్న చెక్క నిమురుతూ. "వీధి వైపుది వీపు. మేకెప్పుడూ కడుపు వైపే."

ఆమె నాలుక కరుచుకుంది. f ఏడున్నరైతే కేంద్రం మైనస్ ఏడున్నర దగ్గర ఉంటుంది. మళ్ళీ గుర్తే! టేపు ఇటు తిప్పి పరిచింది. ఏడున్నర అడుగులూ సరిగ్గా మంచం కిందికి, అమ్మ నడుము కిందికి వెళ్ళి ఆగాయి. నేల మీద బోర్లా పడుకుని అక్కడ సుద్దతో చిన్న ఇంటూ గుర్తు పెట్టింది.

x² + (y + 7.5)² = 72.25. ఇక ఎత్తులు తీయడమే. మధ్య నుంచి అడుగు దూరంలో పదకొండుంబావు అంగుళాలు, రెండడుగుల దగ్గర తొమ్మిదీ చిల్లర, మూడడుగుల దగ్గర అయిదున్నరకి కాస్త తక్కువ. అటు మూడు, ఇటు మూడు, మధ్యన ఒకటి, కొసలు రెండు. తొమ్మిది గుర్తుల మీదా నాన్న తొమ్మిది చిన్న మేకులు దిగ్గొట్టి, సన్నని బద్ద ఒకటి తెచ్చాడు. దాన్ని మేకుల వెంట వంచితే ఎక్కడా సందు రాకూడదు. లెక్క ఒక్కచోట తప్పినా బద్ద దాచదు.

సందు వస్తే సాయంత్రం బండిలో అమ్మ వెళ్ళిపోతుంది. కూతురు చూడలేక కళ్ళు మూసుకుంది.

నాన్న బద్ద వంచి, ప్రతి మేకు దగ్గరా గోరు దూర్చి చూశాడు. ఎక్కడా గోరు దూరలేదు. బద్ద వెంబడే పెన్సిలుతో గీత లాగాడు.

"కుదిరిందా?" అంది అమ్మ.

"ఊఁ."

"పోనీలే. రేపు ఇంకో పనికి అడ్డమవుతానుగా," అని ఆవిడ కూతురి చేత బట్టలు సంచిలో పెట్టించింది. నాన్న తలెత్తకుండా ఉలి అందుకుని గీత వెంట చెక్కసాగాడు. లెక్క గెలిచి కూడా ఓడినట్టయింది కూతురికి. నాన్న మీద ఎక్కడలేని కోపం వచ్చింది.

సాయంత్రం మామయ్య బండి వాకిట్లో ఆపి లోపలికొచ్చాడు. "పద అక్కా, వెళ్దాం."

నాన్న ఉలి కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. "మీ అక్కని కదపడానికి వీల్లేదోయ్."

"అదేంటి బావా? తనే రమ్మంది."

నాన్న మోకాళ్ళ మీద కూర్చుని మంచం కింద సుద్ద గుర్తు చూపించాడు. "కేంద్రం అక్కడుంది. ఈ వంపంతా దాన్ని పట్టుకునే నిలబడింది. ఆ మంచం కదిలిందా, నా పనంతా పాడు. కావాలంటే నీ మేనకోడల్ని అడుగు, లెక్క వేసింది తనే."

మామయ్య ఆమె వైపు తిరిగాడు. మంచం కదిలినా సమీకరణంలో వెంట్రుకవాసి తేడా రాదు. అది నాన్నకి తెలుసు. పొద్దుటి నుంచీ ప్రతి మాటా విన్న అమ్మకీ తెలుసు.

"అవును మామయ్యా," అందామె తడుముకోకుండా. "కదిపితే మొత్తం పోతుంది."

అమ్మ చాలాసేపు నాన్ననే చూసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, సంచి కూతురికి తిరిగి ఇచ్చేసింది.

"విన్నావుగా తమ్ముడూ," అంది. "మీ బావకి నాతో పనుందట."